పాత సైనిక వస్తువులు – వానిని సేకరించు విధము, గుర్తించు విధము

బీదరు పట్టణమున నివసించు మనకు సైన్యము క్రొత్తది కాదు. ఒక ప్రక్క బహమనీ సుల్తానుల నాటి కోట, దాని బురుజులపై నేటికిని నోళ్లు తెఱచికొనియున్న ఇనుప ఫిరంగులు; మఱియొక ప్రక్క భారత వాయుసేనవారి శిక్షణ కేంద్రము, ఆకాశమున మ్రోగు విమానములు. ఈ రెంటి నడుమ ఇంచుమించు ఆఱువందల సంవత్సరముల కాలము కలదు. ఆ కాలమందు ఈ మార్గమున ఎన్నో సేనలు నడచినవి. ఆ సేనలలో మన తాతముత్తాతలును ఉండిరి. వారు విడిచిపోయిన టోపీబిళ్ళలు, ఇత్తడి బొత్తాములు, పతకములు, తోలు పటకాలు, ఉన్ని కోట్లు, సేవాపత్రములు నేటికిని ఇండ్లలోని పాత పెట్టెలయందును, అటుకలమీదను, పాతసామానుల దుకాణములయందును కనబడుచుండును. వీనిని సేకరించి, ఇది యేది, ఏ దళమునకు చెందినది, ఏ కాలమునాటిది యని గుర్తించుట ఒక విద్య. ఆ విద్యను గూర్చి విద్యార్థులకు కొంత తెలుపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట ఒక మాట చెప్పవలసియున్నది. సైన్యమునకు వ్రాత యెక్కువ. రైతు తన నాగలిపై పేరు వ్రాసికొనడు. కుమ్మరి కుండపై తేదీ వేయడు. సైన్యమో, బొత్తాము మొదలు ఫిరంగి వఱకు ప్రతి వస్తువుపైనను ఏదో యొక గుర్తు వేయును. అది అక్షరము కావచ్చును, అంకె కావచ్చును, కిరీటము కావచ్చును, బాణపు ముద్ర కావచ్చును. కావున పాత సైనిక వస్తువును గుర్తించుట యనగా, ముఖ్యముగా, దానిని చదువుటయే. చదువవలసిన చోటు సామాన్యముగా ఎవరును చూడని చోటనుండును: పతకమునకు అంచుపైన, బొత్తామునకు వెనుక, కోటునకు మెడలోపల, పటకాకు లోతట్టున. ముందువైపు అందఱును చూతురు. వెనుకవైపు చూచువాడే పరిశోధకుడు.

ఫిరంగులు, బిదిరీ పిడులు

మన కోటనుండియే ప్రారంభింతము. 15వ శతాబ్దపు మూడవ దశకమున అహమ్మద్ షా వలీ తన రాజధానిని గుల్బర్గానుండి బీదరునకు మార్చెను. తరువాత బరీద్‌షాహీలు ఇచట ఏలిరి. కోట బురుజులపైనున్న పెద్ద ఫిరంగులలో పెక్కు పోతపోసినవి కావు. నిలువు ఇనుప పట్టెలను గొట్టమువలె చేర్చి, వానిపై ఎఱ్ఱగా కాచిన ఇనుప కడియములను ఒకదాని ప్రక్కనొకటిగా ఎక్కించి, సమ్మెటలతో అదిమి యతికించినవి. దగ్గఱకు పోయి చూచినచో ఆ కడియముల వరుస స్పష్టముగా తెలియును. కొన్నింటిపై పారసీక శాసనములు కలవు. అందు పాలకుని పేరో, ఫిరంగి పేరో, హిజరీ సంవత్సరమో కనబడును.

హిజరీ సంవత్సరము చాంద్రమానము. దానికి 354 దినములు మాత్రమే. కావున దానిని క్రీస్తుశకమునకు మార్చుటకు ఊరక 622 కూడిన చాలదు. హిజరీ సంఖ్యను 0.97 చేత గుణించి, వచ్చినదానికి 622 కూడవలెను. ఉదాహరణమునకు హిజరీ 980 అనుకొందము. 980ని 0.97 చేత గుణింపగా 950.6 వచ్చును, దానికి 622 కూడగా 1572.6 అగును. అనగా 1572–73. ఈ చిన్న లెక్క తెలిసిన విద్యార్థి తారీఖు గల శాసనము ముందు మూగవలె నిలువనక్కఱలేదు.

బీదరు పేరును లోకమంతట చాటిన బిదిరీ పనియు సైనిక వస్తువులలో చేరినది. తుత్తునాగమున కొలదిగా రాగిని కలిపి పోతపోసి, వెండి తీగను తాపి, కోటలోని మట్టితోను నవాసాగరముతోను నల్లబఱచు ఈ పద్ధతిలో కత్తిపిడులుకూడ చేసిరి. వాని నలుపు రంగు పూత కాదు; లోహపు ఉపరితలమే మార్పు చెంది నల్లనైనది. రంగు వేసిన నకలును గోటితో గీకిన పొరలు లేచును; నిజమైన బిదిరీకి పొర యనునది లేదు. కోటలోపల పాత రాజస్నానశాలలో నున్న పురావస్తుశాలయందును, హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియమునందును పాత ఆయుధములను చూడవచ్చును. సేకరణ నేర్వదలచినవాడు మొదట కొనరాదు, మొదట చూడవలెను. నూఱు నిజమైన వస్తువులను చూచిన కంటికి నూటయొకటవది నకలైన తానే తెలియును.

"తెలంగాలు" అను మాట

సైనిక దుస్తుల చరిత్రలో తెలుగువారికి ఒక విచిత్రమైన స్థానము కలదు. 18వ శతాబ్దమున ఇంగ్లీషు కంపెనీవారు మద్రాసు తీరమున సిపాయిలను చేర్చుకొని, ఐరోపా పద్ధతిలో కవాతు నేర్పి, ఎఱ్ఱకోట్లు తొడిగిరి. 1756 చివర క్లైవు బంగాళమునకు పోయినపుడు ఈ సిపాయిలు వెంటనుండిరి. 1757 జూన్ 23న ప్లాసీయందు పోరాడిరి. వారిలో తెలుగువారు అనేకులుండుటచే ఉత్తర దేశీయులు అట్టి సిపాయిని "తిలంగా" యని పిలువసాగిరి. కాలక్రమమున ఆ మాట జాతినిగాక దుస్తులను తెలుపునదైనది. ఎఱ్ఱకోటు తొడిగి కవాతు చేయువాడు అవధ్ వాడైనను, బీహారువాడైనను "తిలంగా" యే. 1857 నాటి ఢిల్లీ ఉర్దూ వ్రాతలలో సిపాయిలకు ఈ పేరే కనబడును. మన భాషాజాతి పేరు, మనము చూడని ఊళ్లలో, ఒక దుస్తునకు పేరైనది! దుస్తు మనుష్యుని ఎట్లు మార్చునో, మాట దుస్తును పట్టుకొని ఎంత దూరము పోవునో దీనివలన తెలియుచున్నది.

రెండు హైదరాబాదులు

మన జిల్లాలో దొరకు బిళ్ళలపై తఱచుగా కనబడు మాట "హైదరాబాదు". 1956 నవంబరు 1వ తేదీ వఱకు బీదరు హైదరాబాదు రాజ్యమున ఉండుటచే ఇది సహజము. అయితే ఈ మాటను చూచి తొందరపడరాదు; ఏలయన హైదరాబాదు పేరుగల సేనలు రెండు విధములు.

మొదటిది బ్రిటిషువారి అధీనముననున్న "హైదరాబాదు కంటింజెంటు". దాని ముఖ్యస్థానము సికిందరాబాదు చెంత బొల్లారము. ఖర్చు నిజాముది, అధికారులు ఇంగ్లీషువారు. 1903లో అది భారత సైన్యమున పూర్తిగా కలిసిపోయినది. దాని గుఱ్ఱపుదళములనుండి దక్కన్ హార్సు ఏర్పడినది. ఆ దళమువారు 1916 జులై 14న ఫ్రాన్సుదేశమున, సొమ్ము యుద్ధరంగమునందలి హైవుడ్ అను వనము చెంత, బల్లెములతో శత్రువులపై దుమికిరి. దాని పదాతిదళములు 1922 తరువాత "19వ హైదరాబాదు రెజిమెంటు" అను పేర వ్యవహరింపబడినవి. 1945 అక్టోబరు 27న ఆ రెజిమెంటు పేరు "కుమావూఁ రెజిమెంటు"గా మార్చబడెను. పరమవీరచక్రమును మొదట పొందిన మేజర్ సోమనాథ శర్మ 1947 నవంబరు 3న బడగామునందు వీరమరణము నొందినపుడు 4వ కుమావూఁ దళమున నుండెను. ఆ దళము అంతకు రెండేండ్ల క్రిందటి వఱకు 19వ హైదరాబాదు రెజిమెంటులోని 4వ పటాలమే. కొడగు వీరుడగు జనరల్ తిమ్మయ్యగారును యౌవనమున ఆ పటాలమునందే పనిచేసిరి.

రెండవది నిజాము సొంత సైన్యము. మొదటి ప్రపంచ యుద్ధమున దాని బల్లెపు రౌతులు మైసూరు, జోధ్‌పూరు రౌతులతో కలిసి ఈజిప్టు, పాలస్తీనా ప్రాంతములకు పోయిరి. ఆ మూడు దళముల స్మారకముగా 1922లో ఢిల్లీనగరమున నిలిపిన మూడు విగ్రహములవలననే ఆ చోటికి "తీన్‌మూర్తి" యని పేరు వచ్చినది. అందు ఒకటి హైదరాబాదు రౌతును, ఒకటి మైసూరు రౌతును సూచించును. మొదట హైదరాబాదు రాజ్యమునను, పిదప మైసూరు రాష్ట్రమునను ఉండిన బీదరు వారికి ఆ మూడింటిలో రెండు మనవే యని చెప్పికొను హక్కు కలదు.

రెండవ ప్రపంచ యుద్ధమున ఈ రెండు సేనలును ఒకే దేశమున ఉండుట మఱింత చిక్కు కలిగించును. 1941 డిసెంబరు 8న జపానువారు మలయాలోని కోటాబారు వద్ద దిగినపుడు అచటి విమానస్థలమును కాయుచున్నది నిజాము సైన్యములోని మొదటి హైదరాబాదు పదాతిదళము. 1942 జనవరి 7న అదే మలయాలో స్లిమ్ నది యొద్ద దెబ్బతిన్న దళములలో నొకటి 19వ హైదరాబాదు రెజిమెంటువారి 4వ పటాలము. "మా ముత్తాత హైదరాబాదు పల్టనులో మలయాకు పోయెను" అని యింటివారు చెప్పినచో, ఏ హైదరాబాదు? అని అడుగక తప్పదు. కాగితమున "19" అను అంకె యున్నచో అది భారత సైన్యము. నిజాము దస్తారు గుర్తు, ఉర్దూ అక్షరములు ఉన్నచో అది రాజ్యసైన్యమై యుండును.

పతకమును చదువుట

పతకములందు మన ప్రాంతపు ఇండ్లలో కనబడదగినది మొదటి ప్రపంచ యుద్ధపు వెండి పతకము. ఒకవైపు ఐదవ జార్జి తల, రెండవవైపు గుఱ్ఱముపై దిసమొలతో నున్న రౌతు, 1914, 1918 అను అంకెలు. వ్యాసము 36 మిల్లీమీటర్లు. ఇట్టివి 60 లక్షలకు పైగా తయారైనవి. కావున ఇది అరుదైన వస్తువు కాదు. అయితే దీని అంచుపై ఆ సైనికుని సంఖ్య, హోదా, పేరు, దళము ఇంగ్లీషు అక్షరములలో చెక్కబడియుండును. పతకములు లక్షలు; ఆ అంచు మాత్రము ఒక్కటే. దానితో జతగా ఇచ్చిన విజయ పతకము కంచువన్నెది. దానిపై రెక్కలుగల స్త్రీమూర్తి, దాని పట్టీకి ఇంద్రధనుస్సు రంగులు. దాని అంచుపైనను పేరుండును.

రెండవ ప్రపంచ యుద్ధమునాటి నక్షత్రములు ఆఱుకోణములవి, పసుపువన్నె లోహమువి. బర్మా నక్షత్రము మన దేశీయులకు ఎక్కువగా లభించినది. భారత సేవాపతకముపై భారతదేశ పటము చెక్కబడియుండును. స్వాతంత్ర్యానంతర పతకములపై నాగరి అక్షరములు, అశోక సింహములు కనబడును: 1947 నాటి సామాన్య సేవా పతకము, 1965 నాటి రక్షా పతకము, 1971 నాటి పూర్వీ, పశ్చిమీ నక్షత్రములు, సంగ్రామ పతకము.

ఇచట ఒక ఉదాహరణము చెప్పుదుము. కొంతకాలము క్రిందట మా విద్యార్థి యొకడు తమ యింటిలోని "రాజుగారి రూపాయి బిళ్ళ"ను తెచ్చి చూపెను. అది మొదటి యుద్ధపు వెండి పతకము. పై కడ్డీ తీసివేసి, ఒక ఉంగరము అతికించి, మూడు తరముల పసిపిల్లల మెడలో తాయెత్తువలె కట్టిరట. ప్రతి యుగాదికిని చింతపండుతో తోమి, ముగ్గుపిండితో మెఱుగు పెట్టిరట. ఆ బిళ్ళ అద్దమువలె మెఱయుచున్నది. అంచును మాత్రము భూతద్దముతో పరిశీలింపగా సంఖ్యలో మూడంకెలును, పేరులో చివరి "సామి" యను భాగమును, తరువాత "క్యూ. వి. ఓ. – ఎస్. అండ్ ఎం." అను అక్షరములును మిగిలియున్నవి. ఆ అక్షరములకు "విక్టోరియా రాణిగారి సొంత సాపర్లు, మైనర్లు" అని అర్థము. అది మద్రాసు సాపర్ల దళము: వంతెనలు కట్టువారు, దారులు వేయువారు, కందకములు త్రవ్వువారు. 1780లో ఆరంభమైన ఆ దళముయొక్క కేంద్రము, నేటి మద్రాసు ఇంజనీర్ గ్రూపు, మన బెంగళూరునందే కలదు.

"సామి" అనగా ఏ సామి? రామసామియా, వెంకటసామియా, ముత్తుసామియా? పతకము చెప్పలేకపోయినది. ఆ బాలుని నాయనమ్మగారి నడుగగా ఆమె తడుముకొనక పూర్తి పేరు చెప్పిరట. ఆయన యెచటికి పోయెనో, ఏమి చేసెనో ఆమెకు తెలియదు. "సముద్రము దాటి కూలికి పోయినాడు" అని మాత్రమే ఆమె వినియుండిరి. పతకము చెప్పలేనిదానిని ముదుసలి చెప్పినది. ముదుసలికి తెలియనిదానిని పతకము చెప్పినది. ఇద్దఱిలో ఎవరు లేకున్నను ఆ మనుష్యుడు సగమే దొరకెడివాడు. ప్రేమతో తోమిన చేతులే ఆ పేరును చెఱిపినవని ఇంటివారికి తెలియదు. తెలియజెప్పువారు లేకపోవుటయే అసలు కొఱత.

తోమినవి కొంతయైన మిగులును. కరగించినవి ఏమియు మిగులవు. 1980 ప్రాంతమున వెండి ధర మిక్కిలి పెరిగినపుడు ఇట్టి పతకములు లోకమున పలుచోట్ల కరగించబడినవి. వెండి ధర పెరిగినపుడెల్ల ఈ ప్రమాదము మరలవచ్చుచుండును. పతకమున నున్న వెండి మరల ఎచటనైన దొరకును. అంచుపైని పేరు ఇంకెచటను దొరకదు.

దుస్తులనుబట్టి కాలనిర్ణయము

పాత యూనిఫారముయొక్క కాలము తెలిసికొనుటకు నాలుగు విషయములు చూడవలెను: రంగు, చిహ్నము, హోదా గుర్తు, పేరు.

రంగు: "ఖాకీ" యను మాట ధూళి యను అర్థముగల "ఖాక్" అను పారసీక పదమునుండి వచ్చినది. 19వ శతాబ్దపు నడిమి కాలమున వాయవ్య సరిహద్దునందలి దళములు దీనిని మొదట ధరించినవి. బర్మా అడవులలో ఖాకీ పనికిరాకపోవుటచే రెండవ యుద్ధమున ఆకుపచ్చ వచ్చినది; అదియే పిదప మన సైన్యమునకు అలవాటైనది. 2022 జనవరి 15న సైనిక దినోత్సవమున క్రొత్త అచ్చుగల యుద్ధ దుస్తులు ప్రదర్శింపబడినవి.

చిహ్నము: కిరీటమున్నచో అది 1950 జనవరి 26కు పూర్వపు రూపము, అశోక సింహములున్నచో తరువాతిది. "జి. ఆర్. ఐ." అను అక్షరముల అల్లిక జార్జి చక్రవర్తులది, "వి. ఆర్. ఐ." విక్టోరియా రాణిది, అనగా 1901కి లోపలిది.

హోదా గుర్తు: కిరీటపు కాలమున మేజరు భుజముపై కిరీటముండెడిది, గణతంత్రము వచ్చిన పిదప దానికి బదులు అశోక సింహములు వచ్చినవి. కాప్టెనునకు నాడు నేడు మూడు నక్షత్రములే. కాని పూర్వపు నక్షత్రముల తీరు వేఱు, నేటివి ఐదుకోణములవి. చేతిపై వంకర పట్టీలు ఒకటైన లాన్స్ నాయక్, రెండైన నాయక్, మూడైన హవల్దారు. కాగితముపై "జమాదారు" అను హోదా యున్నచో అది 1965కు పూర్వపుదని తలపవచ్చును. ఆ యేట దానిని "నాయబ్ సుబేదారు"గా మార్చిరి.

పేరు: మన ఊరి వాయుసేనయే దీనికి చక్కని ఉదాహరణము. భారత వాయుసేన 1932 అక్టోబరు 8న పుట్టినది. 1945 మార్చిలో దానికి "రాయల్" అను బిరుదు చేరినది; 1950 జనవరి 26న తొలగినది. కావున బిళ్ళపై "ఆర్. ఐ. ఏ. ఎఫ్." అను నాలుగక్షరములున్నచో, అది చేసిన కాలము ఆ ఐదేండ్ల లోపలనే. ఒక్క అక్షరముచే ఇంత కాలనిర్ణయము జరుగును. 1996లో బీదరుననే ఏర్పడిన సూర్యకిరణ్ విమాన విన్యాస దళపు గుర్తులును ఒకనాటికి ఇట్లే చరిత్రవస్తువులగును.

మోసపోకుండుటకు రెండు హెచ్చరికలు. ఇత్తడి బిళ్ళ యెల్ల సైనికుని బిళ్ళ కాదు. కచ్చేరీ బంట్రోతు డవాలుబిళ్ళ, అటవీశాఖ బిళ్ళ, పోలీసు బిళ్ళ, రైల్వే బొత్తాము సంతలో అన్నియు "మిలిటరీ" పేరనే అమ్ముడుపోవును. రెండవది, నకళ్లు. అసలు బిళ్ళలు సామాన్యముగా ఉక్కు అచ్చుతో కొట్టినవి. అక్షరముల అంచులు పదునుగా నుండును. పోతపోసిన నకలులో అంచులు మొద్దుబాఱి, గుంటలలో ఇసుకరేణువులవంటి మచ్చలు కనబడును. మఱియు మనుష్యుడు ధరించిన బిళ్ళ వెనుక కొక్కెములు అరిగియుండును. నూఱేండ్ల వస్తువు వెనుక నిన్న అతికించిన కొక్కెమున్నచో శంకింపవలెను.

కాగితములు, లిపులు

వస్తువుకంటె కాగితము విలువైనది. నిజాము సైన్యమునుండి విరమించినవారి పత్రములు ఉర్దూలో నుండును. వానిపై ఫసలీ సంవత్సరముండును. హైదరాబాదు ఫసలీ సంవత్సరము అక్టోబరు మొదటి వారమున ఆరంభమగును. ఆరంభమునుండి డిసెంబరు చివరి వఱకు 590, జనవరి మొదలు 591 కూడిన క్రీస్తుశకము వచ్చును. ఫసలీ 1358 అనగా 1948 అక్టోబరున ప్రారంభమైన సంవత్సరము.

పేర్ల విషయమున జాగ్రత్త వలెను. ఉర్దూ లిపిలో మన ణకార ళకారములకు వేఱు అక్షరములు లేవు. హ్రస్వ స్వరములను తఱచుగా వ్రాయరు. కావున మల్లయ్య ముల్లయ్యగా చదువబడవచ్చును. ఇంగ్లీషు గుమాస్తా తన చెవికి తోచినట్లు వ్రాసికొనెను. ఒకే మనుష్యుడు తెలుగులో వీరన్న, కన్నడమున ఈరణ్ణ అగును. ఈ చిక్కును విప్పగలవారెవరు? మహానగరమునందలి పండితునకు ఇది కష్టము. ఇంట తెలుగు, బజారున దక్కనీ ఉర్దూ, కార్యాలయమున కన్నడము, పొరుగున మరాఠీ విని పెరిగిన బీదరు బాలునకు ఇది సులభము. సరిహద్దున పుట్టుట కొఱత యని తలచువారున్నారు. ఈ విద్యలో అదియే మన కలిమి.

భద్రపఱచుట, చట్టము

పతకమును, బిళ్ళను తోమరాదు. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడిచిన చాలును. ఇత్తడిని తోలునకు తగిలించి ఉంచిన పచ్చని చిలుము పట్టును; రెంటిని వేఱుచేయవలెను. ఉన్ని కోటును చిమ్మటలు తినును. గంజిపెట్టిన నూలు దుస్తును వెండిపురుగులు కొఱుకును. వీనిని నీడలో ఆరబెట్టి, ఉతికి గంజి వదలించిన తెల్లని నూలుగుడ్డలో చుట్టి, వేపాకు పొడిగుడ్డలో కట్టి ప్రక్కన ఉంచవలెను. పట్టీల రంగులను ఎండ తినివేయును. చినిగినచోట క్రొత్తగా కుట్టరాదు. ఆ చినుగును చరిత్రలో భాగమే.

చట్టమును ఎఱుగవలెను. నూఱేండ్లు దాటిన కళావస్తువులు, చారిత్రక వస్తువులు 1972 నాటి పురావస్తు చట్టమునకు లోబడును; అనుమతి లేక వానిని దేశముదాటించుట నేరము. తుపాకులు, తూటాలు 1959 నాటి ఆయుధ చట్టము క్రిందికి వచ్చును. భూమిలో దొరకిన విలువగల వస్తువును కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిక్షేప చట్టము విధించుచున్నది. కోటలో ఒక రాయినైనను త్రవ్వుటకు మనకు హక్కు లేదు. పేలని గుండువంటిది కనబడిన తాకక పోలీసువారికి తెలుపవలెను. సైనికుడు కానివాడు సైనికుడని నమ్మించుటకు ఆ దుస్తులు ధరించుటయు నేరమే.

చట్టమున వ్రాయని ధర్మము మఱియొకటి కలదు. 1948 సెప్టెంబరు 17న భారత సైన్యము బీదరును ప్రవేశించినది; మఱునాడు హైదరాబాదు సైన్యము లొంగిపోయినది. ఆ దినముల జ్ఞాపకములు ఈ జిల్లాలో పలు కుటుంబములకు నేటికిని బాధాకరములు. ఒక టోపీబిళ్ళ ఒక యింట గర్వకారణము, ఎదురింట కన్నీటి కారణము కావచ్చును. ఎవరు చెప్పదలచిన దానిని వినవలెను. చెప్పదలపని దానిని త్రవ్వరాదు. సేకరించువాడు న్యాయాధికారి కాడు.

విద్యార్థులు చేయదగిన పని

మేము విద్యార్థులను వస్తువులు కొనుడని చెప్పుట లేదు. అడిగి పుచ్చుకొనుడనియు చెప్పుట లేదు. పతకము ఆ యింటివారి యొద్దనే యుండవలెను. మన వలన కావలసినది ఒక పుస్తకము, ఒక భూతద్దము, ఓపిక. పుస్తకమున ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క పుట కేటాయించి ఇట్లు వ్రాయుడు: వస్తువు ఏది, కొలత యెంత, ఏ లోహము, ఏ గుడ్డ, దానిపై నున్న అక్షరములు ఉన్నవి ఉన్నట్లు, తప్పులతోసహా, ఎవరిది, వారికి ఎట్లు వచ్చినది, ఈ సంగతి చెప్పినవారు ఎవరు, ఏ తేదీన చెప్పిరి. తెలిసినదానిని, ఊహించినదానిని వేఱువేఱుగా వ్రాయుడు. ఇంటివారి అనుమతితో ముందు, వెనుక, అంచు – మూడువైపుల ఛాయాచిత్రములు తీయుడు. ప్రపంచ యుద్ధములలో మరణించినవారి పేర్లను కామన్వెల్తు యుద్ధ సమాధుల సంఘమువారు జాబితాలుగా ఉంచినారు. అందు వెదకి చూడుడు.

ఇందు ఆలస్యమునకు తావు లేదు. రెండవ ప్రపంచ యుద్ధమున పోరాడినవారు ఇంచుమించు అందఱును గతించిరి. వారి మాటలను స్వయముగా విన్న కుమారులు, కుమార్తెలు నేడు ముదుసలులు. లోహము మఱి నూఱేండ్లు నిలుచును. మాట అంతకాలము నిలువదు. రాబోవు సెలవులలో ఇంటి అటుక శుభ్రపఱచునపుడు పాత పెట్టెలో నల్లబడిన బిళ్ళ యేదైన దొరకినచో, దానిని చింతపండుతో తోముటకుగాని, కంసాలి యొద్దకు కొనిపోవుటకుగాని ముందు, కిటికీ వెలుతురునకు పట్టి అంచును చదువుడు. చదివినదానిని ఇంటి పెద్దవారికి వినిపించి, వారు చెప్పినదానిని ఆ ప్రక్కననే వ్రాసికొనుడు.